ముద్దాయి ఎప్పుడు జవాబు చెప్పాలి?

మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడు గంటలకు టీవీలో వార్తలు పెడతారు. వార్తలు వినేది మా నాయన, వాటికి వ్యాఖ్యానం చెప్పేది మా అవ్వ. పోయిన సంవత్సరం ఒకరోజు ఎక్కడో జరిగిన ఒక హత్య గురించి చెబుతున్నారు. పోలీసులు పట్టుకున్న మనిషి నోరు విప్పడం లేదట, ఏమడిగినా జవాబు చెప్పడం లేదట. అవ్వ వెంటనే అనేసింది, "తప్పు చెయ్యనోడు జవాబు చెప్పేదానికి ఎందుకు భయపడాల? నిప్పు లేనిదే పొగ రాదు. వాడే చేసుంటాడు."

నాకు కూడా అది న్యాయంగానే తోచింది. మరునాడు సాంఘికశాస్త్రం పీరియడులో మా సారును అడిగాను. ఆయన నేరుగా జవాబు చెప్పలేదు. "నువ్వు రోజూ బస్సులో హైకోర్టు పక్కనుంచే కదమ్మా వస్తావు? దానికి దగ్గర్లో ఉన్న కోటలో సుమారు 360 ఏళ్ళ కిందటే ఇదే ప్రశ్న వచ్చింది. వెతికి చూడు. దొరికింది దొరికినట్టు పత్రికకు రాయి" అన్నారు. ఈ వ్యాసం అట్లా మొదలయింది.

ప్రశ్న ఇది. ఒక మనిషి మీద హత్యానేరం మోపారు. ఆ మనిషి కోర్టులో నిలబడి జవాబు చెప్పుకోవాలా, అక్కరలేదా? ఇది ఎవరు తేల్చాలి? ఎంత సాక్ష్యం ఉంటే తేల్చాలి? ఆ మనిషి దోషియా, నిర్దోషియా అన్నది దీని తర్వాత వచ్చే ప్రశ్న. ఈ రెండూ ఒకటే అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒకటి కాదని చరిత్ర చదివాకే తెలిసింది.

కోటలో మొదటి కేసు

1639లో మన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ వాళ్ళకు సముద్రపు ఒడ్డున కొంత నేల ఇచ్చాడు. అక్కడ వాళ్ళు సెయింట్ జార్జి కోట కట్టుకున్నారు. కోట పక్కన పెరిగిన ఊరికి వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీద చెన్నపట్నం అని పేరు వచ్చింది. ఇది మన పాఠ్యపుస్తకంలో అందరం చదివినదే. ఆ కోట గోడల లోపల ఒక ఆడపిల్ల చనిపోయిందని, ఆ చావు వల్ల ఊరి హోదాయే మారిందని మాత్రం నేను ఎప్పుడూ వినలేదు.

1665 ప్రాంతంలో కోటలో అసెన్షియా డాస్ అనే దొరసాని ఉండేది. ఆమె తన దగ్గర ఉన్న బానిస పిల్లను చంపిందని ఆరోపణ వచ్చింది. ఆనాడు కోటకు పెద్దను ఏజెంటు అనేవారు. ఆ ఏజెంటు జార్జి ఫాక్స్‌క్రాఫ్ట్. ఆయనకు ఒక చిక్కు వచ్చిపడింది. 1661లో ఇంగ్లాండు రాజు ఇచ్చిన చార్టరులో నేరాలు విచారించే అధికారం "గవర్నరు, ఆయన కౌన్సిలు"కు ఉందని రాసి ఉంది. మద్రాసులో ఉన్నదేమో ఏజెంటు. గవర్నరు లేడు. అందుకని ఆమెను విచారించే అధికారం తమకు ఉందో లేదో తేలక, కంపెనీ వాళ్ళకు లండనుకు ఉత్తరం రాశారు. ఓడలో ఉత్తరం పోయి, ఓడలో జవాబు రావాలి. కంపెనీ వాళ్ళు ఆలోచించి ఫాక్స్‌క్రాఫ్ట్‌నే గవర్నరుగా చేశారు. ఇకమీదట విచారించవచ్చు అన్నారు. మద్రాసు హోదా పెరగడానికి ఒక బానిస పిల్ల చావు కారణమయింది.

తర్వాత ఇంగ్లాండు పద్ధతి ప్రకారం రెండు జ్యూరీలు కూర్చున్నాయి. మొదటిది గ్రాండ్ జ్యూరీ. వాళ్ళ ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈమె మీద పెట్టిన అభియోగానికి ఈమె జవాబు చెప్పవలసిందేనా? అవును, చెప్పవలసిందే అని వాళ్ళు తేల్చారు. అప్పుడు ఇంగ్లీషువాళ్ళు, పోర్చుగీసువాళ్ళు కలిసిన 12 మంది చిన్న జ్యూరీ అసలు విచారణకు కూర్చుంది. మన దేశంలో జ్యూరీతో జరిగిన మొట్టమొదటి విచారణ ఇదేనని చరిత్రకారులు చెబుతారు.

చివరకు ఆ 12 మంది వింత తీర్పు చెప్పారు. ఆమె హత్య చేసిన దోషే గాని, అభియోగంలో రాసిన తీరులో మాత్రం కాదు అన్నారు. ఇది అవునా కాదా అని ఎవరికీ అర్థం కాలేదు. స్పష్టంగా చెప్పమని మళ్ళీ అడిగితే, నిర్దోషి అన్నారు. దొరసానిని విడిచిపెట్టేశారు. ఆ తర్వాత ఫాక్స్‌క్రాఫ్ట్ కంపెనీకి రాసిన ఉత్తరంలో, తమలో చట్టం తెలిసినవాడు ఒక్కడూ లేడని, ఏ దశలో ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడ్డామని వాపోయాడు.

కోర్టు నిర్దోషి అన్న తర్వాత ఆమెను హంతకురాలని నేను రాయకూడదు. ఆ మాటను పక్కన పెట్టి, మొదటి మెట్టును మాత్రం చూద్దాం. చనిపోయింది బానిస పిల్ల. నేరం మోపబడింది కంపెనీ దొరల ఇళ్ళలోని మనిషి మీద. తీర్పు చెప్పినవాళ్ళలో మనవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా, దీనికి నువ్వు జవాబు చెప్పాలి అని ఆమెను నిలబెట్టగలిగారు. రెండో మెట్టు కూలిపోయింది గాని, మొదటి మెట్టు నిలిచింది. నేను చదివిన పేజీల్లో దొరసాని పేరు పదిసార్లు వచ్చింది. పిల్లను మాత్రం బానిస పిల్ల, బానిస పిల్ల అనే రాశారు. అది చదువుతున్నప్పుడు మనసుకు కష్టంగా అనిపించింది.

నీళ్ళు చెప్పిన జవాబు

ఈ గ్రాండ్ జ్యూరీ ఎక్కడినుంచి వచ్చింది అని వెతికితే ఇంకా వెనక్కి పోవలసివచ్చింది. 1166లో ఇంగ్లాండు రాజు రెండో హెన్రీ క్లారెండన్ అనే చోట ఒక శాసనం చేశాడు. ఒక్కొక్క ప్రాంతం నుంచి 12 మంది పెద్దమనుషులు వచ్చి, తమ ప్రాంతంలో దొంగ అని, హంతకుడు అని ఎవరిమీద అనుమానం ఉందో ప్రమాణం చేసి చెప్పాలి. మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చున్నట్టే.

పేరు చెప్పించుకున్న మనిషి జవాబు ఎట్లా చెప్పుకునేవాడు? మాటలతో కాదు. కాళ్ళూ చేతులూ కట్టి నీళ్ళలోకి దించేవాళ్ళు. మునిగితే నిర్దోషి, తేలితే దోషి. మన వైపు పాత కథల్లో కాగే నూనెలో చెయ్యి పెట్టడం, నిప్పులు పట్టుకోవడం ఉంటాయి కదా, అటువంటిదే. 1215లో క్రైస్తవ మతపెద్దల సభ, పూజారులు ఈ పరీక్షల్లో పాలుపంచుకోరాదని కట్టడి చేసింది. ఇక నీళ్ళు తీర్పు చెప్పడం ఆగింది. ఆ స్థానంలోకి మెల్లగా 12 మంది మనుషులు, అంటే చిన్న జ్యూరీ వచ్చింది.

ఆ విధంగా ఇంగ్లాండులో రెండు మెట్లు ఏర్పడ్డాయి. గ్రాండ్ జ్యూరీ తలుపులు మూసుకుని ప్రాసిక్యూషన్ వైపు మాటలే వినేది. ముద్దాయి తరఫు మాట వినేది కాదు. అది మొదట నాకు అన్యాయంగా కనిపించింది. తర్వాత అర్థమయింది. వాళ్ళు తేల్చేది దోషమా కాదా అని కాదు. ఇటువైపు వాళ్ళ చేతిలో ఉన్నది, అటువైపు మనిషిని నిలబెట్టి అడగడానికి సరిపోతుందా అని మాత్రమే. కనీసం 12 మంది సరిపోతుంది అంటే, అభియోగం కాగితం వెనక లాటిన్ భాషలో "నిజమైన అభియోగం" అని రాసేవాళ్ళు. లేకపోతే "మాకు తెలియదు" అనే అర్థం వచ్చే మాట రాసేవాళ్ళు. ఆ మాట ఇగ్నోరేమస్. అది పడితే మనిషి ఇంటికి పోవచ్చు.

నాకు ఆ మాట బాగా నచ్చింది. నువ్వు మంచివాడివి అని వాళ్ళు అనడం లేదు. నిన్ను అడగడానికి మా దగ్గర ఏమీ లేదు అంటున్నారు. అధికారంలో ఉన్నవాళ్ళు ఆ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

జ్యూరీ పోయి మేజిస్ట్రేటు వచ్చాడు

మద్రాసులో 1801లో సుప్రీంకోర్టు పేరుతో ఒక కోర్టు వచ్చింది. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న సుప్రీంకోర్టు వేరు, ఇది వేరు. 1862లో దాని స్థానంలో మద్రాసు హైకోర్టు ఏర్పడింది. మనం ఇప్పుడు చూసే ఎర్రటి గోపురాల భవనం మాత్రం 1892లో తెరిచారు. హైకోర్టు వచ్చిన మూడేళ్ళకు, 1865లో, గ్రాండ్ జ్యూరీని చట్టం చేసి తీసేశారు. ఇంగ్లాండు కూడా 1933లో దాదాపుగా వదిలేసింది. అమెరికాలో మాత్రం వాళ్ళ రాజ్యాంగం అయిదో సవరణలోనే ఉంది కాబట్టి ఇప్పటికీ నడుస్తున్నది.

ఇక్కడ దాని పని మేజిస్ట్రేటు మీద పడింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు ప్రకారం, హత్య కేసు పెద్ద కోర్టుకు పోయేముందు మేజిస్ట్రేటు ప్రాథమిక విచారణ చేసేవాడు. సాక్షులను పిలిచి ముద్దాయి ఎదుటే అడిగేవాడు. ముద్దాయి తరఫు వకీలు కూడా వాళ్ళను ప్రశ్నించవచ్చు. సరిపడా ఆధారం ఉంటే పెద్ద కోర్టుకు పంపేవాడు. దీన్ని కమిట్ చేయడం అంటారు. లేకపోతే అక్కడే వదిలేసేవాడు. తలుపులు మూసుకుని ఒకవైపే వినే గ్రాండ్ జ్యూరీ కంటే ఇది మేలు కదా అనిపించింది. దీనిలోనూ ఒక కష్టం ఉంది. అది చెప్పేముందు మన నగరంలోనే జరిగిన ఒక పెద్ద కేసు గురించి చెప్పాలి.

వేపేరిలో కత్తిపోటు

1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో పోతున్న లక్ష్మీకాంతన్ అనే పత్రికా రచయితను కత్తితో పొడిచారు. మరునాడు ఆయన ఆసుపత్రిలో చనిపోయాడు. ఈయన "సినిమా తూదు", తర్వాత "హిందు నేశన్" అనే తమిళ పత్రికల్లో సినిమావాళ్ళ సొంత విషయాలు రాసి వాళ్ళను హడలెత్తించేవాడు. దానివల్ల ఆయన మీద కోపం ఉన్నవాళ్ళు చాలామంది.

డిసెంబరులో పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. వాళ్ళలో ముగ్గురి పేర్లు విని దక్షిణదేశమంతా నివ్వెరపోయింది. ఒకరు త్యాగరాజ భాగవతార్, ఆ కాలపు తమిళ సినిమాకు అందరికంటే పెద్ద నటుడు, గాయకుడు. రెండోవారు హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్. మూడోవారు కోయంబత్తూరుకు చెందిన శ్రీరాములు నాయుడు గారు. ఈయనే తర్వాత పక్షిరాజా సంస్థ తరఫున తెలుగులో "అగ్గిరాముడు" తీశారు. ఆ సినిమా మా అవ్వ నాలుగుసార్లు చూసిందట, తీసిన మనిషి పేరు మాత్రం నేను చెబితేనే తెలిసింది.

హైకోర్టులో జ్యూరీ ముందు విచారణ జరిగింది. 1945 మే నెలలో తీర్పు. నాయుడు గారిని నిర్దోషి అన్నారు. భాగవతార్‌కు, కృష్ణన్‌కు యావజ్జీవ శిక్ష పడింది. వాళ్ళు హైకోర్టులోనే అప్పీలు చేసుకుంటే కొట్టేశారు. లండనులోని ప్రీవీ కౌన్సిలుకు పోయారు. అది, అప్పీలును మళ్ళీ వినమని హైకోర్టుకే తిప్పి పంపింది. 1947 ఏప్రిల్‌లో హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా వదిలింది. అంతలో రెండేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. జైలుకు పోకముందు వచ్చిన భాగవతార్ సినిమా "హరిదాస్" మూడు దీపావళులు చూసిందని ఇప్పటికీ పెద్దలు చెప్పుకుంటారు. బయటికి వచ్చాక ఆయన సినిమాలు ఆడలేదు. 1959లో కన్నుమూశాడు. లక్ష్మీకాంతన్‌ను చంపింది ఎవరన్నది తేలకుండానే మిగిలిపోయింది.

ఈ కేసు చదివాక నాకు రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, జవాబు చెప్పవలసిందే అన్న మాట పడగానే మనిషికి నష్టం మొదలయిపోతుంది. చివరికి నిర్దోషి అని తేలినా, మధ్యలో పోయిన సంవత్సరాలు, పోయిన పేరు తిరిగిరావు. కాబట్టి ఆ మాట ఊరికే అనకూడదు. రెండు, చనిపోయిన మనిషి ఎటువంటివాడైనా, ముద్దాయి ఎంత పెద్దవాడైనా, ఆధారం ఉన్నప్పుడు ఆ ప్రశ్న అడగక తప్పదు. గొప్ప గాయకుడు కదా అని ముందే వదిలేస్తే, పేరులేనివాళ్ళను మాత్రమే నిలబెట్టే కోర్టు అవుతుంది అది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలబడే మాటలు. రెండూ నిజమే.

ఇప్పుడు ఎట్లా ఉంది?

మేజిస్ట్రేటు విచారణలో కష్టం ఏమిటంటే, సాక్షి ఒకే మాటను రెండు కోర్టుల్లో చెప్పాలి. కూలిపని మానుకుని రెండుసార్లు రావాలి. రెండుసార్లు చెప్పేటప్పుడు మాట కాస్త అటూ ఇటూ అయితే వకీలు పట్టుకుంటాడు. ఈలోగా సాక్షిని బెదిరించడానికి అవతలివాళ్ళకు వ్యవధి దొరుకుతుంది. అందుకని లా కమిషన్ సిఫారసు చేస్తే, 1973 నాటి కొత్త కోడులో ఆ విచారణను తీసేశారు. ఇప్పుడు మేజిస్ట్రేటు హత్య కేసును కాగితాలతో సహా సెషన్స్ కోర్టుకు పంపిస్తాడు. జవాబు చెప్పాలా వద్దా అని తేల్చేది సెషన్స్ జడ్జి.

2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది గాని, ఈ విషయంలో పద్ధతి పెద్దగా మారలేదు. పాత కోడులో 227, 228 సెక్షన్లు, కొత్తదాంట్లో 250, 251. జడ్జి పోలీసులు ఇచ్చిన కాగితాలు చూస్తాడు, రెండువైపులా వాదనలు వింటాడు. కేసు నడపడానికి తగిన ఆధారం లేదనిపిస్తే కారణాలు రాసి ముద్దాయిని వదిలేస్తాడు. ఉందనిపిస్తే చార్జి రాసి, చదివి వినిపించి, ఒప్పుకుంటావా లేదా అని అడుగుతాడు.

"తగిన ఆధారం" అంటే ఎంత? 1977లో బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఒక భార్య చనిపోయింది, భర్త మీద హత్యానేరం మోపారు. కింది కోర్టు అతన్ని మొదట్లోనే వదిలేస్తే, సుప్రీంకోర్టు అది తప్పు అంది. దానికి త్రాసును పోలికగా చెప్పింది. విచారణ అంతా అయ్యాక త్రాసు రెండు తట్టలూ సమానంగా ఉంటే, సందేహం ముద్దాయికే లాభం కావాలి, వదిలేయాలి. అదే త్రాసు విచారణ మొదట్లో సమానంగా ఉంటే, మామూలుగా కేసు ముందుకు నడవాలి. అంటే బలమైన అనుమానం మొదట్లో చాలుతుంది, చివర్లో చాలదు.

1979లో ఇంకొక కేసులో అదే కోర్టు రెండోవైపు కూడా చెప్పింది. జడ్జి పోలీసులు ఇచ్చిన కాగితం మీద ముద్ర కొట్టి పంపే పోస్టాఫీసు కాదు. కాగితాలను జల్లెడ పట్టి చూడాలి. ఉన్నది కాస్తో కూస్తో అనుమానమే గాని బలమైన అనుమానం కాదనిపిస్తే, వదిలేసే అధికారం ఆయనకు ఉంది.

ఇంతటితో అయిపోలేదు. చార్జి రాసిన తర్వాత ముందు ప్రాసిక్యూషన్ వాళ్ళే తమ సాక్షులందరినీ తేవాలి. అదంతా అయ్యాక జడ్జి మళ్ళీ ఒకసారి ఆగి చూస్తాడు. ఈయన నేరం చేశాడనడానికి సాక్ష్యమే లేదనిపిస్తే, ముద్దాయి తరఫున ఒక్క సాక్షిని కూడా పిలవకుండానే నిర్దోషి అని వదిలేస్తాడు. పాత కోడులో ఇది 232, కొత్తదాంట్లో 255. సాక్ష్యం ఉందనిపిస్తేనే, ఇక నీవైపు చెప్పుకో అని ముద్దాయిని అడుగుతాడు. అప్పుడైనా ముద్దాయిని సాక్షి బోనులో నిలబెట్టి బలవంతంగా చెప్పించకూడదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్షిగా ఉండాలని ఎవరినీ బలవంతపెట్టరాదని మన రాజ్యాంగం 20వ అధికరణం మూడో భాగంలో ఉంది.

అంటే మా అవ్వ టీవీ ముందు అన్న మాటకు చట్టం జవాబు ఇది: నిప్పు లేనిదే పొగ రాదన్నది లోపలికి పిలవడానికి పనికొస్తుంది. శిక్ష వేయడానికి మాత్రం నిప్పును చూపించాలి. చూపించవలసింది నేరం మోపినవాడు.

అవ్వ గాజులు

ఇంతవరకు రాసి అవ్వకు చదివి వినిపించాను. అవ్వకు చదువు రాదు, వినడం బాగా వచ్చు. అంతా విని కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత నాకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పింది. రాయవచ్చునా అని అడిగితే, "రాసుకో పాపా, ఆ వీధి పేరు మాత్రం వద్దు" అంది.

మా నాయన చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు అవ్వ ఒక పెద్దింట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచేది. ఒకరోజు ఆ ఇంట్లో రెండు బంగారు గాజులు కనిపించలేదు. అవ్వనే అడిగారు. తియ్యలేదు అంది. తియ్యలేదని ఎట్లా నమ్మేది, చూపించు అన్నారు. తియ్యలేదని ఎట్లా చూపిస్తారు ఎవరైనా? అవ్వ భయపడి ఏడ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది, ఎందుకు ఏడుస్తావు అన్నారట. స్టేషనుకు తీసుకుపోయి పొద్దున్నుంచి చీకటి పడేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. "నేను ఏమీ మాట్లాడలే. మాట్లాడితే ఒక మాట ఎక్కువ, మాట్లాడకుంటే తప్పు చేసినదానివి. ఇంట్లో మీ నాయన ఆకలికి ఏడుస్తుంటాడే అని ఒకటే తలపు" అంది.

మూడోరోజు గాజులు ఆ ఇంట్లోనే బియ్యం డబ్బాలో దొరికాయి. దొరికాయని చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. పక్కింటి పనిమనిషి చెబితే తెలిసింది. అవ్వ మళ్ళీ ఆ వీధిలోకి పోలేదు.

నేను అడిగాను, "మరి అవ్వా, టీవీలో వాడు మాట్లాడకపోతే వాడే చేసుంటాడు అన్నావే?"

అవ్వ నవ్వింది. "అనేటప్పుడు మనం బెంచీ మీద లేం కదా పాపా" అంది.

కాసేపటికి తనే అడిగింది, "ఆ దొరసాని కోర్టులో నిలబడిందా?"

"నిలబడింది అవ్వా. కానీ వదిలేశారు."

"నిలబడింది కదా. ఆ పిల్ల చచ్చిపోయిందని అంతమంది ముందర ఒకరైనా అడిగినారు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టినోళ్ళను మాత్రం, నీ చేతిలో ఏముందని ఈ మనిషిని అడుగుతుండావు అని ఎవరూ అడగలే."

నాకు అర్థమయినది

నేను పదో తరగతి చదువుతున్నాను. వకీలును కాను. అయినా రెండు విషయాలు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఒకటి. జవాబు చెప్పు అని అడిగే అధికారం ఊరికే రాదు. అడిగేవాడు ముందు తన చేతిలో ఏముందో మూడో మనిషికి చూపించాలి. ఆ మూడో మనిషి ఇంటి యజమాని కాకూడదు, పోలీసు కాకూడదు. 1166లో పెద్దమనుషులు, 1665లో గ్రాండ్ జ్యూరీ, తర్వాత మేజిస్ట్రేటు, ఇప్పుడు సెషన్స్ జడ్జి. మనుషులు మారారు గాని ఆ స్థానం మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండలేదు. అవ్వ విషయంలో ఆ స్థానం ఖాళీగా ఉంది. అంతే తేడా.

రెండు. ఆ మెట్టును మరీ ఎత్తుగా కట్టకూడదు. మొదట్లోనే పూర్తి రుజువు కావాలంటే, నాలుగు గోడల మధ్య చనిపోయిన పనిపిల్లల గురించి, కోడళ్ళ గురించి ఎవరినీ ఎప్పుడూ అడగలేం. అక్కడ సాక్షులు ఉండరు. ఉన్నా ఆ ఇంటివాళ్ళే ఉంటారు. 1977లో సుప్రీంకోర్టు త్రాసు మాట చెప్పింది కూడా ఒక ఇంటి లోపల జరిగిన చావు గురించే. మెట్టు మరీ తక్కువగా ఉంటే అవ్వలాంటివాళ్ళు బెంచీ మీద కూర్చోవాలి. మరీ ఎత్తుగా ఉంటే ఆ బానిస పిల్లలాంటివాళ్ళ గురించి ప్రశ్నే పుట్టదు.

ఆ మెట్టు సరిగ్గా ఎంత ఎత్తులో ఉండాలి అని మా సారును మళ్ళీ అడిగాను. "దాన్ని తేల్చడానికే 800 ఏళ్ళుగా కొట్టుకుంటున్నారమ్మా. నువ్వు కూడా పెద్దయ్యాక వచ్చి చేరు" అన్నారు.

పోయిన వారం బస్సు ఎన్.ఎస్.సి. బోసు రోడ్డులో ట్రాఫిక్‌లో ఆగింది. కిటికీలోంచి హైకోర్టు ఎర్రగోడలు కనిపిస్తున్నాయి. గేటు దగ్గర ఒక ముసలాయన చేతిలో పాత ఫైలు పట్టుకుని నల్లకోటు వకీలుతో ఏదో చెబుతున్నాడు. వకీలు కూడా తలవంచి వింటున్నాడు. ఆ ముసలాయన ముద్దాయి తరఫు మనిషో, చనిపోయినవాళ్ళ తరఫు మనిషో నాకు తెలియదు. ఎవరైనా కానీ, ఆయన మాట వినేవాళ్ళు ఒకరున్నారు అనుకున్నాను. బస్సు కదిలింది.

సాయంత్రం ఏడు గంటలకు మళ్ళీ వార్తలు వచ్చాయి. మళ్ళీ ఏదో కేసు. అవ్వ నోరు తెరిచి, నా వైపు చూసి, "ముందు వాళ్ళ దగ్గర ఏముందో చూడనీ" అంది.